రాస్తాఫారియన్లు జడలు కట్టిన జుట్టు ఎందుకు పెంచుతారు? అసలు వాళ్ల నమ్మకం ఏమిటి?

జడలు ఫ్యాషన్ కాదండీ. దేవుడికి మొక్కుకున్నవాడి తల మీద మంగలికత్తి పడకూడదని బైబిల్ సంఖ్యాకాండంలో ఉంది, దాన్నే పాటిస్తారు. ఈ మతం 1930ల్లో జమైకా పేద నల్లజాతి జనంలో పుట్టింది. 1930 నవంబరు 2న ఇథియోపియాలో రాస్ తఫారి, హైలే సెలాసీ పేరుతో చక్రవర్తి అయ్యాడు. తాతముత్తాతలు బానిసలుగా బతికినవాళ్లకి ఒక నల్లజాతి రాజు కిరీటం పెట్టుకోవడం ఎంత పెద్ద విషయమో ఊహించండి, చాలామంది ఆయన్నే దేవుడిగా కొలిచారు. అణిచివేసే వ్యవస్థ వాళ్లకి బబులోను (బైబిల్లో యూదులు చెరలో ఉన్న చోటు), ఆఫ్రికా సీయోను (దేవుడు మాటిచ్చిన సొంత నేల). వాళ్లు వాడే యూదా సింహం బొమ్మ సెలాసీ గుర్తే. పంది మాంసం ముట్టరు, కొందరు వంటలో ఉప్పు కూడా వేయరు. ప్రార్థనలో వాడే గంజాయి మాత్రం 1845 నుంచి జమైకాకి వెళ్లిన భారతీయ కూలీలతో చేరిందని చెప్తారు. 1966 ఏప్రిల్ 21న సెలాసీ జమైకా వచ్చిన రోజు వాళ్లకి ఇప్పటికీ పండగే.