9 ఎంఎం కిడ్నీ రాయికి లేజర్, స్టెంట్: ఆపరేషన్ కన్నా ఆ తర్వాతి రెండు వారాలే అసలు సంగతి

మీ ప్రశ్న ఇదీ: అన్నయ్యకి ఎడమ మూత్రనాళం పై భాగంలో 9 ఎంఎం రాయి ఉంది. స్కానింగ్‌లో మోడరేట్ హైడ్రోనెఫ్రోసిస్ అని రాశారు. డాక్టరు లేజర్‌తో పగలగొట్టి స్టెంట్ (నాళంలో కొన్నాళ్ళు ఉంచే సన్నటి గొట్టం) వేస్తానన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఇంకో నెల కొండపిండాకు రసం తాగి చూద్దామంటున్నారు. ఎన్నాళ్ళు పడుతుంది, ఆఫీసుకి ఎప్పుడు వెళ్ళొచ్చు, ఏమేం ఇబ్బందులుంటాయి?

ముందు ఆకు సంగతి తేల్చేద్దాం. ఎక్కువ మందిలో ఉండేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. వాటిని కరిగించే మందు ఇంగ్లీషు వైద్యంలో కూడా లేదు. కొండపిండాకు, ఉలవచారు, అరటి దవ్వ రసం, బీరు తాగితే పడిపోయాయని చెప్పుకునే రాళ్ళు చాలావరకు 5 ఎంఎం లోపువి. ఏం తాగకపోయినా పడిపోయే రకం. మూత్రనాళం లోపలి వెడల్పే 3, 4 ఎంఎం. అందులో 9 ఎంఎం రాయి, అదీ పై భాగంలోనే ఇరుక్కున్నది, దానంతట అది కింది దాకా దిగడం అరుదు. మందుతో బాగా కరిగేది యూరిక్ యాసిడ్ రాయి. దానికైనా పొటాషియం సిట్రేట్ లాంటి మందు వారాల తరబడి వాడాలి.

నెల ఆగుదామనడంలో అసలు ప్రమాదం వేరే ఉంది. మోడరేట్ హైడ్రోనెఫ్రోసిస్ అంటే మూత్రం కిందికి దిగే దారిలేక కిడ్నీ ఉబ్బి ఉందన్నమాట. మొదటి రోజుల్లో డొక్కలోంచి గజ్జల దాకా నొప్పి మెలిపెట్టేస్తుంది. తర్వాత కొందరిలో రాయి కదలకపోయినా నొప్పి మాత్రం పోతుంది. "తగ్గిపోయింది" అనుకుని స్కానింగ్ మానేస్తారు. లోపల ఆ కిడ్నీ మెల్లగా పని తగ్గించుకుంటూ పోతుంది. కాబట్టి నొప్పి పోయిందంటే రాయి పోయినట్టు కాదు, మళ్ళీ స్కానింగ్‌లో కనబడకపోతేనే పోయినట్టు. ఇంకో మాట: నొప్పి వచ్చినప్పుడు రాయిని తోసేద్దామని లీటర్ల కొద్దీ నీళ్ళు తాగిస్తుంటారు. అడ్డం ఉన్న చోట ఒత్తిడి పెరిగి నొప్పి ఇంకా ఎక్కువవుతుందే తప్ప రాయి కదలదు.

షాక్‌వేవ్ ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు, అడగండి కూడా. కోత లేకుండా బయటి నుంచే పగలగొట్టే పద్ధతి అది. 10 ఎంఎం లోపు రాళ్ళకి అదీ ఒక దారే. అయితే సీటీ రిపోర్టులో హెచ్‌యూ అని ఒక అంకె ఉంటుంది, రాయి గట్టిదనం దాన్నిబట్టి తెలుస్తుంది. 1000 దాటితే షాక్‌వేవ్‌కి లొంగడం తక్కువ. మనిషి లావుగా ఉన్నా అంతే. ఒక్కసారితో పూర్తి కాక రెండు మూడు సిట్టింగులు పట్టొచ్చు. రాలిన ముక్కలు మూత్రనాళంలో వరుసగా పేరుకుని మళ్ళీ అడ్డుపడటమూ ఉంది. లేజర్ అయితే ఎక్కువసార్లు ఒక్కసారితో పని ముగుస్తుంది, బదులుగా స్టెంట్ భరించాలి.

ఆపరేషన్‌కి ముందు తప్పనిసరిగా చూసుకోవలసింది యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష. మామూలు మూత్ర పరీక్షలా గంటలో రాదు, రెండు మూడు రోజులు పడుతుంది. అందుకని తేదీ ఖాయం కాగానే ఇచ్చేయాలి. బ్యాక్టీరియా ఉందని తేలితే ముందు యాంటీబయాటిక్ వాడి ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి. లేకపోతే ఆపరేషన్‌లో ఎక్కించే నీటి ఒత్తిడికి ఆ బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కి, సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగరు ఎలాగూ చూస్తారు. ఈకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందుగానే చెప్పండి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో యూరాలజిస్టూ గుండె డాక్టరూ కలిసి చెప్పాలి, మీకు మీరు ఆపొద్దు. ఆపరేషన్ ఉదయం ఒక ఎక్స్‌రే తీయించడం కూడా మంచిది, రాయి జరిగి ఉండొచ్చు.

లోపల జరిగేది ఇదీ. నడుముకి మత్తు సూదో, పూర్తి మత్తో ఇస్తారు. పైన ఎక్కడా కోత ఉండదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి స్కోపు మూత్రాశయం దాటించి, మూత్రనాళంలోకి ఎక్కించి, లేజర్‌తో రాయిని పొడి చేసి, చివర్లో స్టెంట్ వేస్తారు. మామూలుగా గంట లోపు పని. ఇందులో రెండు అవాంతరాలు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, పై భాగంలోని రాయి నీటి ఒత్తిడికి వెనక్కి జారి కిడ్నీలోకి వెళ్ళిపోవచ్చు. అప్పుడు వంగే స్కోపు కావాలి. దాన్నే ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు, ఖర్చు ఎక్కువ. రెండు, కొందరికి మూత్రనాళం మరీ సన్నగా ఉండి స్కోపు ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే నాళం చిరుగుతుంది. అందుకని మంచి సర్జన్ అక్కడితో ఆపేసి, స్టెంట్ మాత్రం వేసి, ఒకటి రెండు వారాల్లో నాళం వదులయ్యాక మళ్ళీ చేస్తారు. దాన్ని ఫెయిల్ అయిందనుకుని గొడవపడేవాళ్ళున్నారు. నిజానికి అది జాగ్రత్త. ఈ రెండూ జరిగితే బిల్లు ఎంత పెరుగుతుందో ముందే అడిగి పెట్టుకోండి.

మర్నాడు ఉదయం మూత్రం బయటికి పోవడానికి పెట్టిన గొట్టం (క్యాథెటర్, స్టెంట్ కాదు) తీసేస్తారు, అదే రోజో ఆ మర్నాడో ఇంటికి పంపుతారు. అందరూ "అయిపోయింది" అనుకునేది ఇక్కడే. అసలు కథ స్టెంట్‌తో మొదలవుతుంది.

డీజే స్టెంట్ అంటే 24, 26 సెంటీమీటర్ల పొడవున్న మెత్తటి సన్నటి గొట్టం. రెండు చివరలూ చుట్టుకుని ఉంటాయి. ఒకటి కిడ్నీలో, ఇంకోటి మూత్రాశయంలో. లేజర్ తర్వాత నాళం వాచి మూసుకుపోకుండా, రాయి పొడి దిగిపోయేలా ఇది కాపాడుతుంది. కానీ మూత్రాశయంలో ఉన్న చుట్ట గోడకి రాసుకుంటూనే ఉంటుంది. దాంతో అరగంటకోసారి వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. చివర్లో మంట. మూత్రం పోస్తున్నప్పుడు డొక్కలో సర్రుమని నొప్పి వస్తుంది. మూత్రాశయం ముడుచుకున్నప్పుడు కొంత మూత్రం స్టెంట్ గుండా పైకి, కిడ్నీలోకి ఎగదన్నడం వల్ల అది. బిగబట్టకుండా ఎప్పటికప్పుడు వెళ్ళి, ముక్కకుండా పోస్తే ఈ నొప్పి తగ్గుతుంది. కాస్త నడిచినా, బండెక్కినా మూత్రం ఎర్రగా వస్తుంది, నీళ్ళు తాగి పడుకుంటే తేటపడుతుంది. పల్చటి రోజా రంగు మామూలే, స్టెంట్ తీసేదాకా వస్తూ పోతూ ఉంటుంది.

వీటికి మందులున్నాయి, అడగకపోతే కొన్నిచోట్ల రాయరు. టామ్సులోసిన్ 0.4 ఎంజీ రాత్రి పూట ఇస్తారు. మొదటి రోజుల్లో గభాలున లేస్తే కళ్ళు తిరుగుతాయి. వీర్యం బయటికి రాకపోవచ్చు, మాత్ర ఆపితే సర్దుకుంటుంది. మగవాళ్ళు ఇది తెలియక బెంబేలెత్తిపోతారు, డాక్టర్లు మొహమాటపడి చెప్పరు. కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర సంగతి కంటి డాక్టరుకి తప్పక చెప్పాలి. మాటిమాటికీ వెళ్ళాలనిపించడానికి మిరాబెగ్రాన్ గానీ సొలిఫెనాసిన్ గానీ ఇస్తారు. సొలిఫెనాసిన్‌తో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. బీపీ అదుపులో లేనివాళ్ళకి మిరాబెగ్రాన్ పనికిరాదు. క్రియాటినిన్ ఎక్కువుంటే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు షాపులో అడిగి కొనుక్కోవద్దు.

కూర్చుని చేసే ఉద్యోగమైతే నాలుగైదు రోజుల నుంచి వారంలో వెళ్ళొచ్చు, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి అంతే. బరువులెత్తడం, గతుకుల్లో బైకు, దూరాభార ప్రయాణం స్టెంట్ తీశాకే.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు: 100.4 దాటిన జ్వరం, వణుకు, మూత్రంలో గడ్డలు వచ్చి ధార ఆగిపోవడం, మాత్రలకి లొంగని డొక్క నొప్పి, ఆగని వాంతులు. జ్వరం విషయంలో డోలో వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఈ మాట ఆపరేషన్‌కి ముందు కూడా వర్తిస్తుంది. రాయి అడ్డం ఉండగా జ్వరం వస్తే ముందు స్టెంటో, వీపు నుంచి గొట్టమో వేసి చీము, మూత్రం బయటికి పంపాలి. రాయి సంగతి తర్వాత.

స్టెంట్ మామూలుగా రెండు వారాలకి, కొన్నిసార్లు నాలుగుకి తీస్తారు. తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్లీ పెట్టి, చిన్న స్కోపుతో పట్టుకుని లాగేస్తారు, ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఆ సాయంత్రం కొందరికి పాత నొప్పిలాంటిదే వస్తుంది, నాళం వాపు వల్ల. నొప్పి మాత్ర చేతిలో పెట్టుకుని ఇంటికి రండి. తీసే తేదీని మీరు ఫోన్లో పెట్టుకోండి, ఆస్పత్రి వాళ్ళు గుర్తుచేస్తారని కూర్చోవద్దు. ఇబ్బంది లేదని మర్చిపోయిన స్టెంట్ మీద నెలల్లో రాయి పెరుగుతుంది, లాగితే తెగుతుంది, దాన్ని తీయడానికి అసలు రాయికన్నా పెద్ద ఆపరేషన్ కావాలి. మూడు నెలలు దాటనివ్వకూడదు. స్టెంట్ తీసే ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో డిశ్చార్జికి ముందే రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో వెయిటింగ్ పీరియడ్ చూడండి, చాలా పాలసీల్లో కిడ్నీ రాళ్ళకి మొదటి రెండేళ్ళు ఇవ్వరు. ఆరోగ్యశ్రీ కార్డుంటే ముందుగా ఆ కౌంటర్లో అడగండి.

రాయి ముక్కలు ఇస్తే సీసాలో దాచి మురిసిపోకుండా పరీక్షకి పంపండి. ఏ రకం రాయో తెలిస్తేనే తిండి మార్పుకి అర్థం ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒక అల్ట్రాసౌండ్ తప్పనిసరి. ముక్క మిగిలిందా, కిడ్నీ ఉబ్బు పూర్తిగా తగ్గిందా చూడాలి. నాళం లోపల మచ్చకట్టి సన్నబడితే నొప్పి లేకుండానే కిడ్నీ మళ్ళీ ఉబ్బుతుంది.

ఇక తిండి. టమాటా గింజలతో రాళ్ళు వస్తాయని మానేస్తారు గానీ టమాటాలో ఆక్సలేట్ తక్కువే. ఎక్కువున్నది పాలకూర, చుక్కకూర, బీట్‌రూట్, బాదంపప్పుల్లో. పాలు, పెరుగు మానేయడం ఇంకా పెద్ద పొరపాటు. భోజనంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. అది లేకపోతే ఆక్సలేట్ నేరుగా మూత్రంలోకి చేరుతుంది. అందుకని ఆకుకూర తిన్న పూట పెరుగన్నం తప్పకుండా ఉండాలి. తగ్గించాల్సింది ఉప్పు: ఆవకాయ, అప్పడాలు, వడియాలు, చిప్స్. ఉప్పు పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. రోజూ మాంసం, 1000 ఎంజీ విటమిన్ సి మాత్రలు కూడా తగ్గించాలి. నిమ్మరసం మంచిదే, ఉప్పూ చక్కెరా లేకుండా.

నీళ్ళు ఎన్ని తాగారన్నది కాదు, మూత్రం ఎంత వచ్చిందన్నది లెక్క: రోజుకి రెండున్నర లీటర్లు. ఓ ఆదివారం గీతలున్న ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుని కొలవండి. మే నెల ఎండల్లో మూడు లీటర్లు తాగినా అంత రాదు, నాలుగు పట్టొచ్చు. ఏసీలో కూర్చునేవాళ్ళకి మూడు చాలు. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మధ్యలో లేస్తే ఇంకో గ్లాసు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాలి.