మహేంద్రగిరి ఎక్కేవాళ్లు రుద్రనాథ్ నడవగలరా?

"ఏటా శివరాత్రికి మహేంద్రగిరి నడిచే ఎక్కుతాం. ఈసారి ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఉన్న శివుడి గుడి రుద్రనాథ్‌కి వెళ్దామనుకుంటున్నాం, 64 ఏళ్ల అమ్మ కూడా వస్తానంటోంది. కుదురుతుందా?" అని ఒకరు అడిగారు.

మాదీ ఒడిశాలోని పర్లాకిమిడే. నేనూ మా బావమరిదీ ఒక అక్టోబరులో వెళ్లొచ్చాం. మీ కాళ్లకేం ఢోకా లేదు. ఇబ్బందంతా ఊపిరితోనే. మన మహేంద్రగిరి 1501 మీటర్లు. రుద్రనాథ్ దాదాపు 3600. అంత ఎత్తులో గాలి పల్చన, ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదాంట్లో మూడింట రెండు వంతులే.

మేం తొందరపడ్డాం. ఖుర్దారోడ్‌లో ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రిషికేశ్‌లో దిగాం. మర్నాడు జీపులో కొండల్లో ఉన్న గోపేశ్వర్ పట్నం, ఆ మర్నాడు తెల్లవారుతూనే సగర్ ఊరి నుంచి నడక. అక్కణ్నుంచి గుడికి సుమారు 20 కిలోమీటర్లు. మొదటిరోజే పనార్ బుగ్యాల్ చేరాలని మా పంతం. అడవి అయిపోయాక పైన వచ్చే పచ్చిక మైదానాన్ని అక్కడ బుగ్యాల్ అంటారు. చేరాం కూడా. సాయంత్రం ఎండలో మంచుకొండలు చూసి ఇద్దరం నోట మాట లేకుండా కూర్చున్నాం.

రాత్రి బావమరిదికి తలపోటు, ఆపైన వాంతులు. చలి వల్లేమోనని నేను అల్లం టీ తాగించాను, అదో తెలివితక్కువ పని. గుడిసె నడిపే పెద్దాయన చూసి, "టీతో పోదు, పొద్దున్నే కిందికి దింపు" అన్నాడు. ల్యూటీ బుగ్యాల్ వరకూ దిగేసరికి మనిషి తేరుకున్నాడు. అక్కడ ఒక రోజంతా పడుకుని, మర్నాడు మెల్లగా మళ్లీ ఎక్కితే ఏ బాధా లేదు.

తర్వాత నాకు తట్టింది: పూర్వం బదరీ, కేదార్ వెళ్లేవాళ్లు రిషికేశ్ నుంచే నడిచేవారు. దారిపొడవునా కొన్ని మైళ్లకొక చట్టీ ఉండేది. అక్కడ బియ్యం, పప్పు కొనుక్కుంటే వంటకు గిన్నెలూ, పడుకోడానికి చోటూ దొరికేవి. హనుమాన్ చట్టీ, జానకీ చట్టీ అన్న పేర్లు అలా మిగిలినవే. వారాల తరబడి ఆ నడకలో ఒళ్లు దానంతటదే ఎత్తుకు అలవాటుపడేది. 1962 యుద్ధం తర్వాత బదరీ దాకా మోటారు రోడ్డు పడింది, ఆ వ్యవధి మనకు పోయింది. కాబట్టి దాన్ని మీరే కల్పించుకోండి. గోపేశ్వర్‌లో రెండు రాత్రులు, ల్యూటీలో ఒకటి, పనార్‌లో ఒకటి, ఆ తర్వాతే గుడి. తలపోటు మొదలైతే ఇంకొక్క అడుగు కూడా పైకి వద్దు. దానికి మాత్రలున్నాయి, కానీ డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి.

వానాకాలం వద్దు, కొండచరియలు విరిగిపడతాయి. మే చివర గానీ అక్టోబరు మొదట్లో గానీ మేలు. పైన గుడిసెల్లో రొట్టె, మ్యాగీ తప్ప పెద్దగా ఏమీ దొరకదు. మన అటుకులు, జీడిపప్పు, వేయించిన సెనగలు మమ్మల్ని ఆదుకున్నాయి. భాషతో టెన్షన్ పడకండి. తెలుగు మాట్లాడుతూ ఒడిశా అంటే కాస్త తికమకపడతారు గానీ, జగన్నాథుడి పేరెత్తితే చాలు, దండం పెట్టేస్తారు.

అమ్మగారిని మాత్రం పైకి తీసుకెళ్లొద్దనే చెబుతాను. చలికాలం రుద్రనాథుడి ఉత్సవమూర్తిని కిందికి తెచ్చి గోపేశ్వర్ గోపీనాథ్ గుళ్లోనే పూజిస్తారు. ఆవిడ ఆ గుడి చూసుకుని గోపేశ్వర్‌లోనే ఉండొచ్చు, తోడుగా ఒకరు ఆగితే ఇంకా మంచిది. గోపేశ్వర్ దాకా మాతో వచ్చిన మా ఆవిడ అలాగే ఉండిపోయింది, మేం దిగొచ్చేసరికి సగం వీధి ఆవిడకి స్నేహం.