గురుడు ముద్దలా కనపడుతున్నాడన్న ప్రశ్నకు

దేవరకొండలో స్లాబు మీద 114/900 రిఫ్లెక్టర్ (114 ఎంఎం అద్దం, 900 ఎంఎం ఫోకల్ దూరం ఉన్న టెలిస్కోపు) పెట్టి, కన్ను ఆనించే 10 ఎంఎం కటకం, అంటే ఐపీస్‌కు 3ఎక్స్ బార్లో (బొమ్మను మూడింతలు పెంచే కటకం) తగిలించి చూస్తే గురుగ్రహం మీద పట్టీలు లేవు, దాని చందమామలు నాలుగింట్లో మూడే ఉన్నాయి అన్నారు కదా. అన్నా, ముందు ఆ బార్లో తీసెయ్యండి. 900ని 10తో భాగిస్తే 90 రెట్లు, బార్లోతో 270. మీ అద్దానికి కాగితం మీద హద్దే 114కు రెట్టింపు, 228, మన గాలిలో అదీ అందదు. 90 దగ్గరే రెండు గోధుమరంగు పట్టీలు తేటగా తేలతాయి.

రెండోది స్లాబు. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పది దాకా సెగ కక్కుతూనే ఉంటుంది, బొమ్మ అలలలా ఊగుతుంది. చెలకలోనో మట్టి వాకిట్లోనో పెట్టండి. గొట్టం 40 నిమిషాలు ముందే బయట ఉంచాలి. గురుడు సగం ఆకాశం దాటి పైకొచ్చాకే చూడండి.

అప్పటికీ మసకే అయితే నడినెత్తి దగ్గరి చుక్కను పట్టి కొంచెం ఫోకస్ తప్పించండి. వలయాల నడుమ నల్లమచ్చ ఒక పక్కకు జరిగి ఉంటే అద్దం వాలింది. వెనక మూడు మరల్లో ఒకదాన్ని పావు చుట్టు తిప్పి, చుక్కను మళ్ళీ నడిమికి తెచ్చి చూడండి. ఒకేసారి రెండు మరలు ముట్టుకుంటే లెక్క తప్పుతుంది.

నాలుగో చందమామ పోలేదు. గురుడి ముందో, వెనకో, నీడలోనో ఉంటుంది. అది అయో అనే చందమామ అయితే 42 గంటల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది, కాబట్టి రెండు మూడు గంటలాగితే బయటపడొచ్చు. 2016లో గురుడిని చేరిన నాసా నౌక జూనో అక్కడే తిరుగుతూ పంపిన ఫొటోలతో మాత్రం పోల్చుకోకండి.