డాట్ హాక్ సైన్ ఐదు ఎపిసోడ్లు చూశాను, ఏమీ జరగడం లేదు. ఇంకా చూడాలా?

ఆన్‌లైన్ ఆటలో జరిగే కథ అని విని మీరు ఈ జపనీస్ యానిమే సిరీస్ మొదలుపెట్టారు. యుద్ధాలు, రాక్షసులు, లెవెళ్ళు ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే పాత్రలన్నీ వంతెన మీద నిలబడో, గడ్డిలో కూర్చునో మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఈ కథ ఎప్పటికైనా కదులుతుందా అని అడిగారు. నేను కూడా మొదటిసారి నాలుగో ఎపిసోడ్ దగ్గరే ఆపేశాను. రెండేళ్ళ తరువాత మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి 26 ఎపిసోడ్లూ చూశాను. ఆ రెండేళ్ళ మధ్య నాకు ఎదురైన ఒక అనుభవం వల్లే ఈ సిరీస్ నాకు అర్థమైంది. అది చెబుతాను. కథలోని ముఖ్యమైన మలుపులేవీ బయటపెట్టను, నిశ్చింతగా చదవండి.

2010లో బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. సాయంత్రాలు మాట్లాడడానికి ఎవరూ ఉండేవారు కాదు. అప్పుడే ఒక ఆన్‌లైన్ ఫాంటసీ ఆట అలవాటైంది. అందులో ఐదుగురు జట్టుగా డంజన్‌లోకి, అంటే రాక్షసులుండే నేలమాళిగలోకి దిగాలి. జట్టుకు ప్రాణం హీలర్. గాయపడినవాళ్ళను ఎప్పటికప్పుడు మంత్రంతో నిలబెట్టేది హీలరే. ఒక్క అరనిమిషం ఆ మనిషి కుర్చీలోంచి లేస్తే చాలు, మిగతా నలుగురూ చచ్చిపోతారు. మా సర్వర్‌లో మంచి హీలర్ దొరకడం గగనంగా ఉండేది.

అలాంటిది ఊరి ద్వారం పక్కన, గోడకు ఆనుకుని, రోజూ రాత్రి తొమ్మిది గంటలకల్లా ఒక హీలర్ వచ్చి కూర్చునేవారు. మంచి లెవెల్, మంచి ఆయుధం. ఎవరు పిలిచినా డంజన్‌లోకి వచ్చేవారు కాదు. బయటి నుంచి గాయాలతో పరుగెత్తుకొచ్చే కొత్తవాళ్ళకు వైద్యం చేయడం, దారి చెప్పడం, అంతే. డబ్బు కట్టి ఆడే ఆటలో ఊరికే కూర్చోవడమేమిటని నాకు చిరాకుగా ఉండేది. ఒకరోజు అదే మాట మొహమాటం లేకుండా అడిగేశాను. ఆయన నవ్వు గుర్తు పెట్టి ఊరుకున్నారు.

కొన్ని వారాలకు మా మధ్య కబుర్లు పెరిగాయి, అదీ వచ్చీరాని ఇంగ్లీషులోనే. ఒక రాత్రి మాట మధ్యలో ఆయన తొందరలో తెలుగులో కొట్టేశారు, ఇంగ్లీషు అక్షరాలతో: "ఉండు, నాన్నగారు పిలుస్తున్నారు." పావుగంట తరువాత తిరిగొచ్చేసరికి నేను తెలుగులో రాసి ఉంచాను: "అన్నా, మీరు మనవాళ్ళేనా?" ఆ రాత్రి చెప్పారు. వాళ్ళ నాన్నగారు ఏడాదిన్నరగా మంచం మీద ఉన్నారు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పిలిస్తే లేవాలి. లేస్తే డంజన్‌లో నలుగురు చచ్చిపోతారు. అందుకని ద్వారం దగ్గరే కూర్చుంటున్నారు. "ఇక్కడైతే మధ్యలో లేచినా ఎవరికీ నష్టం ఉండదు తమ్ముడూ" అన్నారు.

ఆ మాట తరువాత నేను డంజన్లు తగ్గించి ద్వారం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వంట, క్రికెట్, నా ఆఫీసు, ఆటలో వాన పడితే బాగుంటుందా మంచు కురిస్తే బాగుంటుందా. నా ఆన్‌లైన్ జీవితంలో గుర్తుండిపోయిన రాత్రులు అవే. తరువాతి ఏడాది ఒక సాయంత్రం ఆయన వచ్చి, "ఈరోజు నేను కూడా డంజన్‌లోకి వస్తాను" అన్నారు. నాకు విషయం అర్థమైంది. ఏమీ అడగలేదు. మూడు గంటలు ఆడాం. ఆయన ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు.

ఆ వారాంతంలోనే డాట్ హాక్ సైన్ మళ్ళీ పెట్టాను.

ఇక సిరీస్ సంగతి. అందులోని 'ద వరల్డ్' అనే ఆట ఎలా ఆడతారో గమనించండి, కథకు మూలం అక్కడే ఉంది. కళ్ళకు తగిలించుకునే తెర, చేతిలో కంట్రోలర్, అంతే సరంజామా. ఆడేవాళ్ళకు ఆటలోంచి చూపు, వినికిడి తప్ప మరేమీ అందవు. గాలి తగలదు, దెబ్బకు నొప్పి పుట్టదు. కథానాయకుడు త్సుకాసాకు మాత్రం అవన్నీ తెలుస్తున్నాయి, పైగా లాగౌట్ కాలేడు. తరువాతి కాలంలో వచ్చిన ఇలాంటి కథల్లో వేలమంది ఒకేసారి ఆటలో చిక్కుకుంటారు, అందరి కష్టం ఒకటే. ఇక్కడ చిక్కుకున్నది ఒక్కడే. మిగతావాళ్ళు భోజనానికి లేస్తారు, బడికి వెళతారు, ఆఫీసుకు వెళతారు. అతడితో పరిచయమైన మిమిరు అనే ఆటగత్తె కోపంతోనో విసుగుతోనో మాయమైపోగలదు. త్సుకాసా అక్కడే, అదే వెలుతురులో నిలబడి ఉంటాడు. ఎవరైనా మళ్ళీ లాగిన్ అయ్యేదాకా అతడికి చేయడానికేమీ లేదు. మీకు నెమ్మదిగా తోస్తున్న ఆ నిమిషాలు అతడు గడుపుతున్న కాలమే.

మొదటి ఎపిసోడ్ పేరు 'రోల్ ప్లే'. నేను మొదటిసారి ఆ పేరును పట్టించుకోలేదు. ప్రతి పాత్ర వెనుకా ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి వయసు, ఆడో మగో, ఆరోగ్యం, ఇల్లు ఏవీ మనకు తెలియవు. పాత్రలకే ఒకరి సంగతి ఒకరికి తెలియదు. బయటి ప్రపంచాన్ని చూపించే సన్నివేశాలు చాలా తక్కువ. అవి కూడా మసకబారిన రంగుల్లో, దాదాపు మాటలు లేకుండా వస్తాయి. కాబట్టి వంతెన మీద ఎవరైనా మాట మధ్యలో ఆగితే, ఒక ప్రశ్నకు జవాబివ్వకుండా పక్కకు తిరిగితే, తెరకు అవతల గదిలో ఏముందో ఊహించవలసింది మనమే. బేర్ అనే ఆటగాడు కొత్తవాళ్ళను ఎందుకంత ఓపికగా దగ్గరకు తీస్తాడు? ఎర్ర యోధుల దళానికి నాయకురాలైన సుబారు అంత అధికారం ఉండీ ఎందుకంత మెల్లగా, సంకోచిస్తూ మాట్లాడుతుంది? ఆటను, జీవితాన్ని కలపకూడదని క్రిమ్ అనే మరో ఆటగాడు ఎందుకంత పట్టుగా చెబుతాడు? మా హీలర్ ద్వారం దగ్గర ఎందుకు కూర్చున్నారో నాకు తెలియనప్పుడు ఆయన మీద చిరాకుపడ్డాను. ఈ సిరీస్ మీద మీకు కలుగుతున్న చిరాకు కూడా అలాంటిదేనని నాకనిపిస్తోంది.

ఇది ఏ కాలంలో వచ్చిందో కూడా చూడాలి. 2002 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు టీవీ టోక్యోలో వారానికి ఒక ఎపిసోడ్ చొప్పున ప్రసారమైంది. ఫైనల్ ఫాంటసీ 11 జపాన్‌లో మొదలైంది కూడా అదే ఏడాది మేలో. ఎవరెవరో కలిసి ఒకే లోకంలో రోజుల తరబడి బతికే ఇలాంటి ఆటలు అక్కడ చాలామంది ఇళ్ళకు అప్పుడప్పుడే చేరుతున్నాయి. రచయిత కజునోరి ఇతో, దర్శకుడు కోయిచి మషిమో అంత తొలినాళ్ళలోనే కత్తియుద్ధాలను పక్కనపెట్టి, ఆటలో పరిచయమైనవాళ్ళ మధ్య నమ్మకం ఎలా పుడుతుందనే విషయాన్ని పట్టుకున్నారు. ఇందుకు వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. పోరాటాలు కావాలనుకున్నవారికి అదే లోకంలో, అదే ఏడాది ప్లేస్టేషన్ 2లో నాలుగు భాగాల ఆట మొదలైంది. అది ఆన్‌లైన్ ఆటలా కనిపించినా ఒక్కరే ఆడుకునే ఆట.

సంగీతం గురించి చెప్పకుండా ఉండలేను. సంగీతదర్శకురాలు యుకి కజియురా పాటలు సంభాషణల మీదుగా, ఒక్కోసారి వాటిని మించిన హోరుతో వస్తాయి. చాలామంది దీన్ని ఒక లోపంగా చెబుతారు. నాకు మాత్రం, మాటల్లో చెప్పలేనిదేదో పాత్రల మధ్య నలుగుతున్నప్పుడు ఆ పాట దాన్ని అందుకున్నట్టు ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. మక్ అను అనే కాలువల పట్టణం, సాయంకాలపు రంగు, వెనుక ఆ గొంతు. రెండోసారి చూసినప్పుడు ఆ ఊళ్ళో నేను కూడా ఉన్నట్టే అనిపించింది.

లోపాలు లేవనను. 'కీ ఆఫ్ ద ట్విలైట్' అనే తాళంచెవి కోసం సాగే వెతుకులాట మధ్య ఎపిసోడ్లలో నిజంగానే సాగదీసినట్టు ఉంటుంది. తెలిసిన విషయాన్నే వేర్వేరు పాత్రలు మళ్ళీ మళ్ళీ చర్చిస్తాయి. బీటీ అనే ఆటగత్తె ఎత్తుగడలు, సోరా అనే ఆటగాడి చిలిపితనం లేకపోతే అక్కడ నేను రెండోసారి కూడా ఆగిపోయేవాణ్ణేమో. ఆ భాగాన్ని ఓర్చుకోమనే చెబుతాను, ఎందుకంటే చివరి ఎపిసోడ్లలో త్సుకాసా, సుబారుల మధ్య పెరిగే దగ్గరితనం ఆ సుదీర్ఘమైన మాటల మీదే నిలబడి ఉంది. అవి దాటవేస్తే ముగింపు పైపైన తగిలి పోతుంది.

ఒకేరోజు ఐదారు ఎపిసోడ్లు చూడకండి. మీరు అలసిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. వారానికొకటి చూడమని తీసిన సిరీస్ ఇది. రాత్రికి ఒకటి, మరీ మనసైతే రెండు. పదో ఎపిసోడ్ వరకు ఇలా చూడండి. అప్పటికీ మిమిరు మీద, బేర్ మీద మీకు ఇష్టం కలగకపోతే ఆపేయండి, మిగతా పదహారూ వాళ్ళతోనే గడపాలి. ఇష్టం కలిగితే 26 వరకు వెళ్ళండి. ఆ తరువాత 'యునిసన్' అని ఒక అదనపు ఎపిసోడ్ ఉంది. అది నాలుగు భాగాల ఆట కథ కూడా ముగిశాక జరుగుతుంది, కాబట్టి కొన్ని కొత్త ముఖాలు కనిపిస్తాయి. వాళ్ళెవరో తెలియకపోయినా ఫరవాలేదు. నేను 26వది చూసిన మర్నాడు చూశాను, మీరు కూడా ఒక రాత్రి గడిచాకే చూడండి.