ఏసీ తగ్గించమంటే ఏం చేస్తావు, తల్లీ?

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు నీ దారే పట్టిందిరా, ఏసీ మెకానిక్‌గా చేరుతోంది" అంది. ఆ గొంతులో కోపమెంతో మురిపెమెంతో తేల్చుకోలేకపోయాను. నా సంగతీ అంతే. కోర్సు పూర్తిచేసి, ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఈ మామయ్య చెవిన ఒక్క ముక్క వెయ్యలేదేం? వద్దంటాననా? అననులే. ఆ పనికి ఆడపిల్లేమిటని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపు. నా గుబులు వేరు. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు చేరుతున్నావు.

పనిముట్ల గురించి నేను చెప్పక్కర్లేదు. మెయిన్ ఆపకుండా కవరు విప్పకు. కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది, దాన్ని డిశ్చార్జి చెయ్యకుండా వేలు పెట్టకు. గోడకున్న బయటి యూనిట్ మీదకు బెల్టు లేకుండా వంగకు. ఇవన్నీ నేర్పే ఉంటారు. జనం మాట ఎలా వినాలో మాత్రం ఏ కోర్సులోనూ చెప్పరు.

మంచం మీదున్న పెద్దావిడ "ఏసీ కాస్త తగ్గించమ్మా" అంటుంది. నువ్వు రిమోట్ తీసుకుని 24ని 20 చేస్తావు. తగ్గించమంది, తగ్గించావు. ఆవిడేమో చలికి ముడుచుకుపోయి, చల్లదనం తగ్గించమని అడిగింది! ఇంకో ఇంట్లో చెమటలు కారుతున్న పెద్దమనిషి "పెంచండి" అంటాడు. నువ్వు అంకె పెంచితే ఉన్న చల్లదనం కూడా పోతుంది. ఫ్యాన్‌తో ఈ తంటా లేదు, అంకె పెరిగితే గాలి పెరుగుతుంది. ఏసీ దగ్గరకొచ్చేసరికి అంకె పైకెళ్తే చల్లదనం కిందికొస్తుంది. అందుకని పెంచు, తగ్గించు అన్న మాట చెవిన పడగానే రిమోట్ ముట్టుకోకు. "మీకు చలేస్తోందా, ఉక్కగా ఉందా?" అని అడుగు. వచ్చేముందు రిమోట్ వాళ్ల చేతికిచ్చి నొక్కించు. లేవలేనివాళ్లున్న ఇంట్లో అయితే, వాళ్లను చూసుకునే మనిషికి కూడా ఇదే ప్రశ్న నేర్పించి రా. పాపం, వాళ్లన్న మాట ఎవరికి ఎలా అర్థమైతే రాత్రంతా అలాగే పడుండాలి.

"24లోనే పెట్టాం, అయినా చల్లగా లేదు" అనే ఫిర్యాదూ వస్తుంది. థర్మామీటర్ పెడితే గది 24లోనే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిడ్డు జిడ్డుగా ఉంటుంది. వాళ్ల బాధ వేడి కాదు, తేమ. గదికి మించిన ఏసీ పెట్టుకున్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అది గాలిని చటుక్కున చల్లార్చి ఆగిపోతుంది, తేమ లాగే వ్యవధి ఉండదు. అసలీ యంత్రం పుట్టిందే తేమ కోసం. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో గాలి తేమకు కాగితం సాగిపోయి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదట. విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు దానికి విరుగుడుగా దీన్ని తయారుచేశాడు. మనుషుల సుఖం ఆ తర్వాత సంగతి. కాబట్టి పైపులోంచి నీళ్లు బయటికి కారుతుంటే సంతోషించమని చెప్పు, గోడ మీద కారుతుంటేనే జబ్బు. కొందరు కూలరూ ఏసీ కలిపి వేస్తారు, రెట్టింపు చల్లదనం వస్తుందని. ఒకటి తేమ నింపుతుంటే రెండోది తోడుతుంటుంది. కూలర్ వేస్తే కిటికీ తియ్యాలి, ఏసీ వేస్తే ముయ్యాలి. ఇది చెబితే చాలామంది నన్నే అనుమానంగా చూసేవారు.

టన్ను అంటే బరువనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకాయన "ఒకటిన్నర టన్ను ఈ గోడ మోస్తుందా?" అని పిడికిలితో గోడ కొట్టి చూపించాడు. నవ్వకు. ఒక టన్ను మంచును 24 గంటల్లో కరిగించడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి లాగే శక్తికి ఆ పేరు పెట్టారు. ఐస్ గడ్డలతో గదులు చల్లబరిచిన కాలపు లెక్క అది. ఇప్పటి లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా నడిచేదని కొనుక్కుని, కరెంటు పోయిన రాత్రి నీకు ఫోన్ చేసి తిట్టేవాళ్లూ ఉంటారు. అది కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే ఏసీ అనీ, ఇంట్లోని బ్యాటరీకీ దానికీ చుట్టరికం లేదనీ ఓపిగ్గా చెప్పు.

"గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టించాలేమో" అనే మాట దగ్గర మాత్రం కాస్త ఆగు. ఆ మాట వాళ్లకు నేర్పింది మనవాళ్లే. అది వంటగ్యాస్‌లా వాడేకొద్దీ అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా గ్యాస్ ఎక్కించి డబ్బు తీసుకోవడం దొంగతనంతో సమానం, నీ మామయ్య మాటగా రాసుకో. పైగా ఇప్పుడు చాలా ఏసీల్లో వాడే ఆర్-32 అనే గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది, జాగ్రత్త. నిజానికి చాలాసార్లు గ్యాస్ తగ్గి ఉండదు. ముందు అడుగు: "గాలి రావట్లేదా, గాలి వస్తున్నా చల్లగా లేదా?" అసలు గాలే రావట్లేదంటే ఫిల్టర్ తీసి వెలుగుకు పట్టి చూడు. దుమ్ము దట్టంగా పేరుకుని అవతల చెయ్యి కనపడదు. దాని వెనక కాయిల్ రేకుల మధ్య తెల్లగా మంచు బిగిసి ఉంటుంది. ఇంటివాళ్లు ఆ మంచు చూసి "ఇంత చల్లగా ఉంటే గదిలోకి రాదేం?" అంటారు. స్క్రూడ్రైవర్‌తో గీకకు, గొట్టం చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. కూలింగ్ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపించు, కరిగేదాకా కూర్చుని వాళ్ల కబుర్లు విను. ఫిల్టర్ కడిగి పెట్టాక కూడా మళ్లీ మంచు కడితే అప్పుడు లీకు వెతుకు.

ఇక ఏ మాట కోసం నేనీ ఉత్తరం మొదలుపెట్టానో దానికొస్తాను. "వేడి చేసింది." నోరు పూస్తే వేడి చేసింది, కళ్లు మండితే వేడి చేసింది, ఒంట్లో ఏది తేడా వచ్చినా మనకు వేడి చెయ్యడమే. ఈ మాట ఒక కుర్రాడి ప్రాణం మీదకు తెచ్చింది.

నేనింకా హెల్పర్‌గా ఉన్న రోజులు. ఒక పెద్ద భవనం డాబా మీద బయటి యూనిట్లు వరసగా బిగించి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం. పైన ఎండ, కింద సిమెంటు సెగ, అవి చాలవన్నట్టు గదుల్లోంచి తోడిన వేడినంతా ఆ యూనిట్లు మా మొహాన ఊదుతున్నాయి. మా జట్టులో ఒక కుర్రాడు అప్పుడే సొంతూళ్లో సెలవు గడిపి వచ్చాడు. ఒంటికి ఎండ అలవాటు తప్పింది. పొద్దుటినుంచీ విసుక్కుంటున్నాడు. మేస్త్రీ స్పానర్ అడిగితే నెత్తిమీది టోపీ తీసి ఇచ్చాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు, కానీ ఎందుకు నవ్వుతున్నామో వాడికి తెలియలేదు. నడక తూలింది. ఏమైందిరా అంటే "ఏం లేదు, కాస్త వేడి చేసింది" అన్నాడు. మేస్త్రీ పనిలో దిట్ట, మనసు మంచివాడే. ఆ మాట పట్టుకుని, "వేడే కదా, కాసేపు పడుకో" అని మెట్ల గదిలోకి పంపాడు. ఆ గదికి కిటికీ లేదు, గాలి లేదు. వడదెబ్బేమో అని ఎవరో అంటే, "చెమట పడుతోంది కదరా, వడదెబ్బకు చెమట ఆగిపోతుంది" అని కొట్టిపారేశాడు. జ్వరం మాత్ర ఒకటి మింగించాడు. మళ్లీ వెళ్లి చూసేసరికి కుర్రాడు పిలిస్తే పలకట్లేదు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కింది వాటాలో ఉండే ఒక ముసలామె పైకొచ్చి, మా మేస్త్రీని పక్కకు నెట్టి, చొక్కా చించేసి, బిందెలతో చన్నీళ్లు పోయించింది. తడిబట్టలు మెడ కిందా చంకల్లో పెట్టి, మా చేత అట్టముక్కలతో విసిరించింది. బండి వచ్చేదాకా పోస్తూనే ఉంది. వాడు బతికాడు. మళ్లీ ఎండలో పని చెయ్యలేక ఈ పని వదిలేశాడు.

మేస్త్రీ నమ్మినవన్నీ ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు, అందుకే ఇంత రాశాను. కష్టపడి పని చేస్తూ వడదెబ్బ తగిలినవాళ్లకు చెమట కారుతూనే ఉండొచ్చు. జ్వరం మాత్ర దానికి పనికిరాదు. చూడాల్సింది బుద్ధిని: మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా, ఊరికే చిరాకు పడినా, ముందు అంబులెన్సుకు ఫోన్ చేయించు, అది వచ్చేదాకా నీళ్లు పోసి చల్లబరుస్తూ ఉండు. తెలివి తప్పినవాడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఫ్యాన్ పెట్టేస్తే చాలనుకోకు. గాలి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాన్ ఒంటికి వేడినే కొడుతుంది.

చేరిన మొదటిరోజే నీ సత్తా చూపించాలనుకుంటావు, నాకు తెలుసు నీ మొండితనం. వద్దు. ఎండలో కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు మొదటిరోజు మామూలు పనిలో ఐదోవంతే చేసి, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఒళ్లు అలవాటు పడటానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మీ పైవాడు ఒప్పుకోకపోతే డాబా పని తెల్లవారుజామున పెట్టమని అడుగు. అదీ కాదంటే నాకు చెప్పు, నేను మాట్లాడతాను. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగు, దాహం వేసేదాకా ఆగకు. అలాగని గంటలో లీటరున్నర దాటించకు, అదీ ప్రమాదమే.

ఇంకొకటి, మేనమామను కాబట్టి ఇబ్బందిగా ఉన్నా రాస్తున్నాను. ఇంటివాళ్లను బాత్రూం అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తావు. నాతో పనిచేసిన ఆడపిల్లలు అలాగే చేసేవారు, మాకు చాలాకాలం తెలియనే లేదు. మొహమాటం లేకుండా అడుగు. కాదన్న ఇంట్లో పని సగంలో వదిలి వచ్చేసినా నిన్నెవరూ ఏమీ అనరు, అంటే నేనున్నాను.

డాబా మీదకు ఒంటరిగా ఎక్కకు. నీతో వచ్చేవాడికి టోపీ, స్పానర్ కథ చెప్పు, నీ మాట తేడాగా ఉంటే నువ్వు వద్దన్నా కిందికి లాక్కుపొమ్మని ముందే చెప్పి ఉంచు. మీ అమ్మకు మాత్రం ఈ కథ చదివి వినిపించకు, నిన్ను ఇల్లు కదలనివ్వదు.

నా మల్టీమీటర్ పంపుతున్నాను. దాని ఎర్ర తీగ మొదలు దగ్గర నలిగింది, మార్చుకున్నాకే వాడు. బెల్టు కొత్తది కొనుక్కో, నాది పాతబడింది, నీకివ్వను.

మామయ్య