పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు: రిఫరీ జట్టు పేరు కాక రంగు ఎందుకు పిలుస్తారు?

ప్రశ్న: మా ఊరిలో ఇటీవల జరిగిన పాఠశాలల బాస్కెట్‌బాల్ పోటీలకు నేను స్కోరు రాశాను. రిఫరీ ఫౌల్ ఇచ్చిన ప్రతిసారీ ‘బ్లూ, సెవెన్’ అంటూ రంగూ నంబరూ మాత్రమే పిలిచేవారు. ఒక ఆటలో ఒక జట్టుది ముదురు నీలం, రెండో జట్టుది ఆకాశ నీలం. ఆ గందరగోళంలో ఒక ఫౌల్‌ను అవతలి జట్టు ఏడో నంబరు అమ్మాయి ఖాతాలో రాశాను. ఆ అమ్మాయి ఐదు ఫౌళ్లు పూర్తయ్యాయని ఏడుస్తూ బయటికి వెళ్లింది. జట్టు పేరే పిలిచి ఉంటే ఇలా జరిగేది కాదు కదా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: పేరు పిలిచి ఉంటే పొరపాట్లు ఇంకా పెరిగేవి. ఫౌల్ జరిగిన క్షణంలో రిఫరీకి కనిపించేది ఒక చేయి, ఒక చొక్కా రంగు, వీపు మీద ఒక అంకె. రోజుకు నాలుగైదు ఆటలు నడిపించే మనిషి ఆ రంగును ఫలానా ఉన్నత పాఠశాల అనే పేరుగా మార్చి చెప్పాలంటే జ్ఞాపకం మీద ఆధారపడాలి. పరుగులో ఉన్నప్పుడు జ్ఞాపకం కంటే కన్నే నమ్మదగినది. రంగు ఆయనకూ, బల్ల దగ్గరున్న మీకూ, ఆడుతున్న పిల్లలకూ ఒకేసారి కనిపిస్తుంది. మీ స్కోరు పత్రంలోనూ జట్లు ‘ఎ’, ‘బి’ అనే అక్షరాల కింద ఉంటాయి కాబట్టి, పేరు పిలిచినా మీరు దాన్ని మరో గుర్తులోకి మార్చుకోవలసిందే.

ఫౌల్ ఇచ్చే క్రమం కూడా ఇందుకు తగినట్టే ఉంటుంది. ఈల వేసి, పిడికిలి బిగించి చేయి పైకెత్తడంతో గడియారం ఆగుతుంది. తరువాత రిఫరీ స్కోరు బల్లకు స్పష్టంగా కనిపించే చోటికి వచ్చి, రంగు పలికి, నంబరును వేళ్లతో చూపి, ఫౌల్ ఎలాంటిదో సైగ చేసి, చివరగా ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే అవకాశాలు) ఎన్నో, లేదా బంతి ఎటు వెళ్లాలో చూపుతారు. బంతి బయటికి వెళ్లినప్పుడు కూడా చేతితో దిశ చూపుతూ రంగు పలకడం మంచి రిఫరీల అలవాటు. రెండో అర్ధభాగంలో జట్లు బుట్టలు మార్చుకుంటాయి. చూపిన దిశ విషయంలో ఎవరైనా తడబడినా, పలికిన రంగు మారదు.

మీ ఆటలో అసలు లోపం ఈల మోగకముందే జరిగింది. అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిబా’ నియమాల ప్రకారం, కార్యక్రమ పట్టికలో ముందు పేరున్న జట్టు లేత రంగు, వీలైతే తెలుపు, వేసుకోవాలి. రెండో జట్టు ముదురు రంగు వేసుకోవాలి. ఇద్దరూ ఒప్పుకుంటే రంగులు మార్చుకోవచ్చు. ప్రతి జట్టు దగ్గర కనీసం రెండు జతల చొక్కాలు ఉండాలన్న నిబంధన కూడా ఇందుకే. మన పాఠశాలల్లో రెండు జతలు కొనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయితే నిర్వాహకులు చేతుల్లేని తెల్ల బనియన్లు ఒక డజను కొని, పెద్ద నంబర్లు కుట్టించి ఉంచుకుంటే, రంగులు కలిసినప్పుడు ఒక జట్టు చేత వేయించవచ్చు. ఇది పెద్ద ఖర్చు కాదు, చేసి తీరవలసిన పని. ఆకాశ నీలం గురించి మరో మాట: ఎండలో సిమెంటు కోర్టు మీద పావుగంట ఆడేసరికి చెమటకు తడిసిన నూలు చొక్కా రంగు ముదురుతుంది, ఆట మొదట్లో కనిపించిన తేడా ఆ తరువాత కనిపించదు.

రంగులు వేరైనా వాటి పేర్లు ముందే ఖాయం కావాలి. ఒంగోలులో ఒకసారి నేను స్కోరు రాస్తున్నప్పుడు ఒక జట్టు పసుపు, మరో జట్టు ఆకుపచ్చ చొక్కాలు వేసుకుంది. రిఫరీ ‘యెల్లో’ అన్నదాన్ని నా పక్కనున్న కుర్రవాడు నాకు వినిపించాలని ‘పచ్చ’ అని అందించాడు. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. నేను రాసింది తప్పు వరుసలో; రిఫరీ వేళ్లతో చూపిన నంబరు ఆ జట్టులో లేకపోవడం వల్ల వెంటనే బయటపడింది. నాటి నుంచి ఆటకు ముందు రిఫరీ దగ్గరికి వెళ్లి ‘ఈ జట్టును మీరు ఏమని పిలుస్తారు?’ అని అడిగి, ఆయన చెప్పిన మాటనే పత్రం పక్కన చీటీ మీద ‘ఎ – వైట్, బి – మెరూన్’ అని రాసుకుంటున్నాను. మెరూన్‌ను ఒకరు ఎరుపు అంటారు, ఒకరు చాక్లెట్ రంగు అంటారు. ఏది అన్నా పరవాలేదు, ఆట ముగిసేదాకా అదే అనాలి. ఎరుపు–ఆకుపచ్చ తేడా కనిపెట్టలేని దృష్టిలోపం మగవారిలో అరుదు కాదు కాబట్టి ఆ రెండు రంగులనూ ఎదురెదురుగా ఆడించకపోవడం మంచిది.

కొత్తగా స్కోరు రాసేవారికి ఇంకొక హెచ్చరిక. పత్రంలో మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర కలంతోనూ, రెండో, నాలుగో క్వార్టర్లు నీలం లేదా నల్ల కలంతోనూ రాస్తారు. ఆ కలం రంగుకూ జట్టు రంగుకూ సంబంధం లేదు.

ఫౌళ్ల లెక్కలో పొరపాటును ప్రధాన రిఫరీ పత్రం మీద సంతకం చేసేలోపు సరిదిద్దవచ్చు. అనుమానం వచ్చిన వెంటనే ఆటను ఆపించకుండా, బంతి ఆగేదాకా ఉండి, అప్పుడు సంకేతం మోగించి రిఫరీని పిలవాలి. ఆ అమ్మాయికి నిజంగా నాలుగే ఫౌళ్లు ఉన్నాయని అప్పుడే తేలి ఉంటే, తిరిగి ఆడే అర్హత ఉండేది.

ప్రశ్న: నేను ఆడే రోజుల్లో చొక్కాల నంబర్లు 4 నుంచి 15 దాకానే ఉండేవి. ఇప్పుడు పిల్లలు 23, 77 కూడా వేసుకుంటున్నారు. రిఫరీ వాటిని వేళ్లతో ఎలా చూపుతారు?
– ఒక పాఠకుడు, పొదిలి

సమాధానం: పన్నెండు మంది ఆటగాళ్లకు 4 నుంచి 15 సరిపోయేవి, పాయింట్లకూ ఫ్రీ త్రోలకూ చూపే ఒకటి, రెండు, మూడు వేళ్లతో కలిసిపోయే ఇబ్బందీ ఉండేది కాదు. 2014లో ఫిబా 0, 00, ఇంకా 1 నుంచి 99 వరకు అనుమతించింది. 11 నుంచి 15 దాకా ఇప్పటికీ పాత పద్ధతే: కుడి చేయి పిడికిలి, ఎడమ చేతి వేళ్లు. 16 నుంచి పైవాటికి మొదట చేతి వెనుక భాగం బల్లవైపు తిప్పి పదుల అంకె, తరువాత అరచేయి చూపి ఒకట్ల అంకె చూపుతారు. అమెరికా ఉన్నత పాఠశాలల్లో ఒక్కో అంకె ఒక్కో చేతికి సరిపోవాలని 6, 7, 8, 9 అంకెలున్న నంబర్లనే అనుమతించరు. మీ పిల్లల ఆటలో 77 చూపడానికి రిఫరీకి రెండు సైగలు పడతాయి. రంగు మాత్రం వాటికంటే ముందే పలుకుతారు, మీరు ఏ వరుసలో వెతకాలో తెలిసిన తరువాతే అంకె రావాలి గనుక.