మంచుకోట గది ఆసుపత్రిలా ఉందా? ముందు లైటు మార్చండి

మంచుకోటలా ఉండాలని గోడలకు లేత నీలం వేసి, మంచు రేకుల స్టిక్కర్లు అంటించినా పాప గది రాత్రిపూట ఆసుపత్రి వార్డులా ఉందని ఒకరు అడిగారు. తప్పు రంగుది కాదు, ట్యూబులైటుది.

1. లైటు మీద 6500కె (6500K) అని ఉందేమో చూడండి. కె అంటే కెల్విన్, వెలుగు రంగుకు కొలత. ఆ తెలుపులో నీలం వంతు ఎక్కువ. నీలి గోడ మీద పడితే గది మరీ పాలిపోతుంది. పసుపు వెలుగునిచ్చే 2700కె లేదా 3000కె బల్బు పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కొత్త లైటు కింద, చీకటి పడ్డాక గోడను చూడాలి. పగలు ముచ్చటగా ఉన్న నీలం పసుపు వెలుగులో బూడిదగానో, కాస్త ఆకుపచ్చగానో మారవచ్చు. అప్పుడు మంచం వెనక గోడ ఒక్కటే నీలంగా ఉంచి, మిగతావి మీగడ రంగుకు మార్చండి. అంతవరకు పెయింటు డబ్బా జోలికి వెళ్లకండి.

3. తెల్లని నెట్ తెర వెనక సన్న దీపాల తీగ, పాప చేతికి అందనంత ఎత్తులో. బటన్ బ్యాటరీలవి వద్దే వద్దు, మింగితే ప్రాణాపాయం.